ఉత్కంఠ నవలలు: పఠనము, శ్రవణము

మన యిండ్లలో పుస్తకములను గూర్చి యిప్పుడు రెండు వివాదములు నడచుచున్నవి. ఉత్కంఠ నవలలు చదువదగినవా కావా యనునది మొదటిది. పుస్తకమును ఫోనులో వినుట చదువుట యనిపించుకొనునా యనునది రెండవది. పెద్దలు సాధారణముగ ఈ రెంటిని వేరువేరుగ విచారించి, మొదటిదానికి కాలహరణమనియు రెండవదానికి సోమరితనమనియు పేరుపెట్టి తీర్పు ముగింతురు. ఇవి ఒక్క ప్రశ్నకే రెండు ముఖములని మా యభిప్రాయము. చదివినదానిని వెనుదిరిగి చూచుకొని, తన తలంపును తానే పరీక్షించుకొను స్వాతంత్ర్యము చదువరికి ఉన్నదా లేదా యనునదే ఆ ప్రశ్న. ఉత్కంఠ నవలకు ప్రాణము ముందుకు పరుగెత్తించుటలో నున్నదని లోకము తలచును. దాని విలువ వెనుకకు త్రిప్పుటలో నున్నదని చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా ఒక మాట చెప్పవలసియున్నది. ఈ తరగతి నవలల కథాంతమును విమర్శకుడు బయట పెట్టుట చదువరి సొత్తును అపహరించుటయే యగును. కావున ఇందు పేర్కొనబడు నవలల ముగింపులను మేము చెప్పము. ముగింపు చెప్పకుండ విమర్శింప వీలుకాని నవల యేదైన నున్నచో, అందు ముగింపు తప్ప వేరేమియు లేదని తెలియుచున్నది గదా.

‘అనుమానము’ అను మాటను విచారింతము. సంస్కృతమున నిది గౌరవముగల పదము. ప్రత్యక్షము తరువాత లెక్కింపబడు ప్రమాణమిది. పొగను జూచి నిప్పు ఉన్నదని నిశ్చయించు మార్గమిది. కార్యమును బట్టి కారణమును ఊహించుటను న్యాయశాస్త్రము ‘శేషవత్తు’ అనినది. హేతువువలె కనబడి హేతువు కానిదానికి ‘హేత్వాభాసము’ అని పేరు. అదే పదము తెలుగింటికి వచ్చునప్పటికి దాని అర్థము మారినది. మనకు అనుమానమనగా శంక. కోడలిమీద అత్తకు అనుమానము, పనిమనిషిమీద యజమానురాలికి అనుమానము, ఆలస్యముగ వచ్చిన కూతురుమీద తండ్రికి అనుమానము. ఒక పదమే ఒక భాషలో జ్ఞానమునకు సాధనము, మరియొక భాషలో కాపురములకు చేటు. మంచి ఉత్కంఠ నవల చదువరిని తెలుగు అనుమానమునుండి సంస్కృతానుమానమునకు నడిపించును. మొదట శంకింపజేసి, పిదప ఆ శంకకు హేతువేమని అడుగును. ఆ ప్రశ్నకు బదులు వెదకుటకే చదువరి వెనుకటి పుటలకు పోవలసియుండును.

ఉత్కంఠ మనకు పరదేశమునుండి దిగుమతియైన సరకు కాదు. నాట్యశాస్త్రము కథను ఐదు సంధులుగ విభజించినది. అందు మూడవదియగు గర్భసంధిలో బీజము దొరికినట్లే దొరికి, చేజారి, మరల వెదకబడును. కడపటిదియగు నిర్వహణసంధిలో చెదరిన యంశములన్నియు ఒకచోట కూడును. అచ్చట అద్భుతరసము ఉండవలెనని విధి. విశాఖదత్తుని ముద్రారాక్షసములో రాక్షసుని ముద్రిక చాణక్యుని చేజిక్కినదని ప్రేక్షకునికి మొదటి అంకముననే తెలియును, రాక్షసునికి తెలియదు. ఉత్కంఠ పుట్టుటకు విషయమును దాచియే తీరవలెనను నియమము లేదని ఆ నాటకము చూపుచున్నది. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు దారిపొడవున మజిలీ మజిలీకి గోపబాలునికి కథ చెప్పును. నేటి కథ ముగిసినది, మిగిలినది మరుసటి మజిలీలోనని ఆపుటలో గల రుచి మనవారికి వారపత్రికలకు ముందే తెలియును.

కాని మజిలీలో కథ వినువాడు కథకుని ఆపగలడు. ఆ పట్టణములో చూచినదేమి, ఆమె యట్లేల అనెనని అడుగగలడు. అచ్చుపత్రిక వచ్చినప్పుడు ఆ సదుపాయము పోయి, వేరొక సదుపాయము వచ్చినది. ఇంగ్లాండునందు విల్కీ కాలిన్సు వ్రాసిన ‘ది మూన్‌స్టోన్’ 1868 జనవరి 4వ తేదీ మొదలు ఆగస్టు 8వ తేదీ వరకు, డికెన్సు సంపాదకత్వమున వెలువడుచుండిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ పత్రికలో వారమునకొక భాగముగ 32 భాగములలో ప్రకటింపబడెను. పత్రిక వెల రెండు పెన్నీలు. ఆ కాలమున మూడు సంపుటములుగ వచ్చు నవల సాధారణపు వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. పుస్తకమును కొనలేని కుటుంబము కూడ వారమునకు రెండు పెన్నీలు పెట్టి కథను ఇంటికి తెచ్చుకొనగలిగెను. వారము దినములు నిరీక్షింపవలసివచ్చుటచే పాతభాగములను తిరుగ జూచుటకును, భోజనముల వేళ తర్కించుకొనుటకును వారికి తీరిక చిక్కినది. నిరీక్షణమును వ్యాపారము విధించినను, విచారమునకు అవకాశమును అదియే కలిగించినది.

ఆ నవలతో మనకు సంబంధము లేకపోలేదు. 1799లో ఆంగ్లసేనలు శ్రీరంగపట్టణమును పట్టుకొనినప్పుడు ఒక అధికారి దోచుకొనిన వజ్రముతో కథ మొదలగును. ఆ వజ్రము ఇంగ్లాండులో ఒక యువతికి జన్మదినమున చేరి, ఆ రాత్రియే మాయమగును. మొదట వచ్చిన పోలీసు అధికారి శంక ఇంటి పనివారిమీదికి పోవును. ఊరిలో తిరుగుచుండిన ముగ్గురు హిందూదేశస్థులు చెరలో పెట్టబడుదురు. పూర్వము దొంగతనము చేసి శిక్షననుభవించిన రోజానా అను దాసిమీద మరింత శంక కలుగును. ఇంతవరకు ఒక్క సాక్ష్యమైన లేదు. పనిమనిషి, పరదేశి, పూర్వము తప్పుచేసినది అనుటయే హేతువు. ఇది హేత్వాభాసమని వేరుగ చెప్పనక్కరలేదు. తలుపుమీది తడిరంగు చెరగిన గుర్తును ఆ మొదటి అధికారి అల్పవిషయమని త్రోసివేయగా, తరువాత వచ్చిన కఫ్ అను పరిశోధకుడు దానినే పట్టుకొనును. కథలో సాక్షులనేకులు ఒకరి తరువాత ఒకరు చెప్పుదురు. తాము స్వయముగ ఎరిగినంతమట్టుకే చెప్పవలెనని వారికి నియమము.

ఇప్పుడు మన యిండ్లను చూడుడు. గొలుసు కనబడనినాడు ఎవరి మూట విప్పించుచున్నాము? పెట్టెలో మనమే పెట్టి మరచితిమా యని వెదకుటకు ముందే, గిన్నెలు తోము మనిషిని పిలిచి నిలదీయు ఆచారము చదువుకొనిన కుటుంబములలోను కలదు. గొలుసు పరుపుక్రింద దొరకినపిమ్మట ఆమెకు క్షమాపణ చెప్పువారు ఎందరు? మూన్‌స్టోను చదివిన గృహిణి ఆ దినమున ఒక్క నిమేషము ఆగినచో నవల తన పని చేసినట్లే. ఆగవలెననిన, చదువునప్పుడు తన శంక ఎవరిమీద పోయినదో, ఏల పోయినదో ఆమె వెనుదిరిగి చూచుకొని యుండవలెను. గబగబ చదివి దొంగ పేరు తెలిసికొని పుస్తకమును మూసివేసినవారికి ఈ లాభము లేదు.

చదువు సాధనముల చరిత్రలో 1935వ సంవత్సరము తలచుకొనదగినది. ఆ యేట ఇంగ్లాండున పెంగ్విన్ వారు ఆరు పెన్నీల వెలతో కాగితపు అట్టల పుస్తకములను ప్రకటింప మొదలిడిరి. మొదటి పదింటిలో అగాథా క్రిస్టీ వ్రాసిన ‘ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్’ ఒకటి, డొరొతీ సేయర్సు వ్రాసిన అపరాధ పరిశోధక నవల మరియొకటి. ఆ యేటనే, మొదటి మహాయుద్ధమున చూపు పోగొట్టుకొనిన సైనికులను మనసునందుంచుకొని, అచ్చటి అంధజన సంస్థలు గ్రామఫోను రికార్డులమీద ‘మాటలాడు పుస్తకముల’ను పంపిణీ చేయనారంభించెను. వానిలో మొట్టమొదటి రెండు పుస్తకములు జోసెఫ్ కాన్రాడు వ్రాసిన ‘టైఫూన్’, క్రిస్టీయే 1926లో వ్రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’. చౌకవెల పుస్తకమునకును చెవితో చదువు పుస్తకమునకును పునాదిలోనే అపరాధ పరిశోధక నవల యున్నదన్నమాట. చదువును పదిమందికి పంచవలెనను తలంపు కలిగినప్పుడెల్ల, పదిమందికి రుచించు కథనే సంస్కర్తలు ముందు చేతబట్టిరి.

అయినను ఆ రెండు సాధనములు చదువరికిచ్చిన స్వాతంత్ర్యము సమానము కాదు. ఆక్రాయిడ్ నవలలో రచయిత్రి చదువరికి న్యాయము చేసినదా లేదా యని నాడు గొప్ప వివాదము చెలరేగెను. ఆ వివాదమును తీర్చుకొను మార్గమొక్కటే: ముగింపు తెలిసినపిమ్మట మొదటి అధ్యాయములను మరల చదివి, ప్రతి వాక్యమును తూచుట. కాగితపు ప్రతి చేతనున్నవాడు వ్రేలు పెట్టి ఆ వాక్యమును పట్టుకొనగలడు. రికార్డు వినువాడు ముల్లును ఎచ్చట దించవలెనో తెలియక తడవులాడవలసియుండెను.

నేటి సాధనములను ఈ కొలతతోనే కొలుతము. అచ్చుపుస్తకములో ముందుకును వెనుకకును పోవుటకు అడ్డులేదు. కుడిచేతి క్రింద మిగిలిన పుటల మందము కథ ఎంత మిగిలినదో చెప్పుచుండును. 2007లో కిండిల్ వెలువడిన తరువాత వ్యాపించిన ఈ-పుస్తకములో మందము తెలియదు. ఇంత పాలు చదివితిరని అంకె చూపును. కాని ఒక పాత్ర పేరు వ్రాసి వెదకిన, ఆ పేరు వచ్చిన చోట్లన్నియు క్షణములో వరుసగ కనబడును. అక్షరములను పెద్దవిగ చేసికొనవచ్చును గనుక నలువది దాటి కన్ను మందగించినవారికి అది మేలు. శ్రవ్యపుస్తకములో అర నిమేషము వెనుకకు పోవుట సులభము. మూడు దినముల క్రిందట విన్న వాక్యమునకు పోవుట కష్టము. పుటకు నాలుగు మూలలుండును. ఆ మాట ఎడమపుట అడుగున నున్నదని కన్ను జ్ఞాపకముంచుకొనును. చెవికి మూలలు లేవు.

ఈ భేదము ఇటీవలి నవలలలో స్పష్టముగ కనబడును. పౌలా హాకిన్స్ 2015లో ప్రకటించిన ‘ది గర్ల్ ఆన్ ది ట్రెయిన్’ను తీసికొందము. రేచెల్ అను ఆమె విడాకులు పొందినది, త్రాగుడుకు లోబడినది. దినము రైలులో లండనుకు పోవుచు దారిప్రక్క ఇండ్లను చూచుచుండును. ఆ యిండ్లలోని యువతి యొకతె కనబడకపోవును. ఆ రాత్రి తానక్కడనే యుంటినని రేచెలుకు తెలియును. ఏమి జరిగినదో త్రాగుడుమైకమున జ్ఞాపకము లేదు. పోలీసులు ఆమెను నమ్మరు, పూర్వభర్త నమ్మడు, ఆమెయే తన్ను నమ్ముకొనదు. చదువరియు నమ్మడు. ఈ నవలకు గల బలమంతయు ఇచ్చటనే యున్నది. ఒకతె మాటను త్రోసివేయుటకు ఆమె త్రాగునది, ఉద్యోగము పోగొట్టుకొనినది, భర్త విడిచినది అనుట చాలునా? మన యూరి పంచాయితీలలోను, పోలీసు ఠాణాలలోను, ‘దాని నడత మంచిది కాదు’ అను ఒక్క వాక్యముతో ఎందరి సాక్ష్యము కొట్టివేయబడుచున్నదో తలచిన, ఇది కాలహరణపు ప్రశ్న కాదని తెలియును.

ఈ కథను మువ్వురు స్త్రీలు చెప్పుదురు. ప్రతి భాగమునకు తలమీద చెప్పువారి పేరును తేదీయు నుండును. ఒకతె కథనము తక్కినవారి కథనముకన్న సుమారొక సంవత్సరము ముందు మొదలగును. అచ్చుపుస్తకము చదువువాడు తేదీని సరకు చేయకపోయినను, చిక్కు తోచినప్పుడు రెండు పుటలు త్రిప్పి సరిచూచుకొనును. వినువానికి ఆ తేదీ ఒక్క క్షణము మ్రోగి పోవును. కూర తాళింపు చిటపటలో అది వినబడకున్న, కథ కాలక్రమమే తారుమారగును. దీనికి మారుగ శ్రవ్యపుస్తకములో మువ్వురకు మూడు కంఠములు ఉన్నవి గనుక, చెప్పుచున్నది ఎవరో క్షణములో తెలియును. ఒకచో పోయినది మరియొకచో దొరకినది.

కంఠమును గూర్చి మరికొంత చెప్పవలెను. గిలియన్ ఫ్లిన్ వ్రాసిన ‘గాన్ గర్ల్’ 2012లో వచ్చినది. అయిదవ పెండ్లిరోజున భార్య మాయమగును. ఒక అధ్యాయమున భర్త చెప్పును, మరియొక అధ్యాయమున భార్య దినచర్యపుస్తకము చెప్పును. ఇద్దరిలో ఎవరిని నమ్మవలెనను ప్రశ్నయే కథ. అచ్చులో ఇద్దరి మాటలును ఒక్క నల్లసిరాతోనే యుండును. శ్రవ్యరూపమున భర్తకొక కంఠము, భార్యకొక కంఠము అమర్చిరి. కంఠము వినబడగానే మనలో ఒక తీర్పు మొలకెత్తును. మృదువుగ పలికినవారిని నమ్ముదుము, కర్కశముగ పలికినవారిని శంకింతుము. చదివి వినిపించువారి నేర్పు గొప్పదైనకొలది ఈ ప్రమాదము పెద్దదగును. నవలను గూర్చి మా ఆక్షేపణ వేరు. కల్పనాచాతుర్యమున దీనిని మించినవి కొన్నియే. కాని ఎవరియందును జాలి నిలువనీయక, దాంపత్యమే పరస్పర వంచనయను తలంపును మిగిల్చి పోవును. వెనుదిరిగి చూచిన చదువరికి రచయిత్రి నేర్పు కనబడును. తన లోపల క్రొత్తగ కనబడునది తక్కువ.

దీనికంటె మేము మేలుగ నెంచునది జపానుదేశపు కెయిగో హిగాషినో వ్రాసిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. ఇది జపానుభాషలో 2005లో పుస్తకముగ వెలువడి నవోకీ పురస్కారమును పొందినది. 2011లో ఇంగ్లీషున వచ్చినది. పీడించు పూర్వభర్తను ఒక స్త్రీ తన యింటిలో చంపుట మొదటనే చెప్పబడును. పొరుగింటనుండు గణితోపాధ్యాయుడు ఆమెను కాపాడ పూనుకొనును. ముద్రారాక్షసమునందువలె మనకు తెలియును, పరిశోధకునికి తెలియదు. అయినను మనకు తెలియనిది మరియొకటి యున్నది. కథారంభమున ఆ యుపాధ్యాయుడు ఉదయమున నదీతీరము వెంబడి పనికి నడచు దారిని రచయిత వర్ణించును. తొలిసారి చదువువాడు దానిని దాటిపోవును. గ్రంథము ముగించి మరల ఆ పుటలకు వచ్చినవాని గుండె బరువెక్కును. అంతకు మించి చెప్పుట తగదు. వెనుదిరిగి చూచుటయనగా ఏమో తెలియగోరువారు ఈ నవలను రెండుసార్లు చదువవలెను.

చెవికిని కంటికిని గల సంబంధమునే కథావస్తువుగ చేసికొనిన నవల యొకటి కలదు. జానిస్ హాలెట్ 2022లో ప్రకటించిన ‘ది ట్వైఫోర్డ్ కోడ్’లో స్టీవెన్ స్మిత్ అను నడివయసువాడు చెరనుండి విడుదలయై, నలువదియేండ్ల క్రిందట బడిపిల్లలను విహారమునకు తీసికొనిపోయినప్పుడు కనబడకపోయిన తన పంతులమ్మను వెదకును. అతనికి చదువు సరిగ రాదు. కావున వ్రాయక, పాత ఫోనులో మాటలు నింపును. ఒక యంత్రము ఆ మాటలను అక్షరములుగ మార్చినట్లు గ్రంథమంతయు అచ్చువేయబడినది. యంత్రము తప్పుగ వినిన మాటలు కూడ అట్లే యున్నవి. పంతులమ్మ పేరే వేరొక మాటగ మారిపోయినది. చదువురానివాడు చెప్పుకొనిన కథను చదువు వచ్చినవాడు తడబడుచు కూడబలుక్కొనవలసివచ్చుట ఈ నవలలోని చమత్కారము. ముడి విప్పునపుడు కొంత సాగదీత కలదు. అయినను, బడి ఎవరిని విడిచిపెట్టినదో వాని కంఠమునకు గౌరవమిచ్చిన కథ గనుక, ఉపాధ్యాయులు తప్పక చదువదగినది.

ఇక తెలుగునాటి సంగతి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను మన పెద్దలలో చాలమంది అద్దె పుస్తకముల దుకాణమునుండి తెచ్చి చదివినవారే. అద్దె దినము లెక్క. మరునాడు తిరిగి ఇయ్యవలెను గనుక పరుగెత్తి చదువుట అలవాటైనది. వెనుకకు త్రిప్పుటకు వ్యవధి లేకపోయెను. డిటెక్టివ్ నవల చవుకబారు వస్తువను పేరు వచ్చుటలో రచయితల బాధ్యత కొంత యున్నను, అద్దెకాలపు తొందరకును కొంత బాధ్యత కలదని మా తలంపు. రెండవసారి చదువబడని పుస్తకమును రెండవసారి చదువుటకు తగినట్లు వ్రాయవలెనను బలవంతము ఎవరికుండును?

పిదప వారపత్రికల ధారావాహికల కాలము వచ్చినది. యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ కోసము ఇండ్లలో వారము వారము ఎదురుచూచినవారు నేటికిని దానిని తలచుకొందురు. పాఠకుని పట్టియుంచుటలో ఆ నవల శక్తి కాదనరానిది. కాని ఒక చిన్న పిల్లమీద జరిగిన క్షుద్రప్రయోగమును గూర్చిన ఆ కథ, శాస్త్రకారణమును మంత్రకారణమును ప్రక్కప్రక్కన నిలిపి విడిచినది. 1929లో రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్లరచయిత అపరాధ పరిశోధక నవలలకు పది నియమములు చెప్పుచు, మానవాతీత శక్తులకు అందు చోటులేదనెను. అది ఆటనియమముగ చెప్పబడినది. మన దేశమున అది ప్రాణములకు సంబంధించిన నియమము. బాణామతి చేసినారను శంకతో మనుష్యులను కొట్టి చంపిన ఉదంతములు మన జిల్లాలలో జరిగినవి. అచ్చట నడచినది తెలుగు అనుమానము. హేతువు లేదు, సాక్ష్యము లేదు. కావున మన భాషలో ఉత్కంఠ నవల వ్రాయువానికి ఇతరులకు లేని బాధ్యత యొకటి కలదు. చదువరి వెనుదిరిగి చూచినప్పుడు అచ్చట మంత్రము కాక హేతువు కనబడవలెను.

నేడు ధారావాహిక ఫోనులోనికి వచ్చినది. కొన్ని చోట్ల ఒక భాగము చదివిన పిదప తరువాతి భాగమునకు తాళము వేసి, రొక్కమిచ్చినగాని తెరువరు. కష్టపడి వ్రాయువారికి ప్రతిఫలము ముట్టవలసినదే. కాని ఒక్కొక్క భాగమునకు వెల కట్టినప్పుడు, ప్రతి భాగము చివర నొక కేక, నొక కత్తి, నొక తలుపుచప్పుడు పెట్టక తప్పదను భావము రచయితలో నెలకొనును. 1868 నాటి వారపత్రిక కూడ నిరీక్షణమును అమ్మినది. అయినను కొన్న సంచిక ఇంటనే యుండెను, మరల చదువుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. చదువరి ఈ ప్రశ్న అడిగి తీరవలెను: నేను వెల యిచ్చినది వచ్చే యేడు నాచేతిలో నుండునా?

వినుట చదువుటయేనా యను ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పవచ్చును. ఒకరు చదువగా పదిమంది విని, అర్థము విచారించుకొనిన పురాణకాలక్షేపమును మన పూర్వులు చదువు కాదనలేదు. చూపులేనివారికి వినుటయే చదువు. వారికి పుస్తకములు అందుబాటులోనికి వచ్చుటకు హక్కుల చట్టము అడ్డురాకుండుటకై 2013లో మరాకెష్ నగరమున అంతర్జాతీయ ఒడంబడిక జరుగగా, 2014లో దానిని అందరికంటె ముందు స్థిరపరచినది మన దేశమే. 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ అను అంతర్జాల గ్రంథాలయము వారికొరకు తెరువబడినది. చూపులేనివారి కొరకు ఏర్పడిన ‘డెయిసీ’ పద్ధతి పుస్తకములో వినువాడు అధ్యాయమునుండి అధ్యాయమునకు, పుటనుండి పుటకు పోవచ్చును. పాఠము జతపరచినచోట వాక్యమునుండి వాక్యమునకును పోవచ్చును. చెవికి కూడ మూలలను కల్పింపవచ్చునని దానివలన తేలినది. అట్టి సదుపాయమును తెలుగు శ్రవ్యపుస్తకములలో చూపున్నవారు కూడ కోరుట న్యాయము. రెండు చేతులును పనిలో నున్న గృహిణికి, వృద్ధురాలికి, బడి మొగము చూడని పనిమనిషికి శ్రవ్యపుస్తకము ద్వారము తెరచుచున్నది. ఆ ద్వారమును సోమరితనమని మూయుట, వంటగదిలో పుస్తకమేలయని పూర్వము ఆడువారిచేతినుండి గ్రంథములను లాగుకొనిన బుద్ధికి తోబుట్టువే.

ఆడపిల్లలు ఇట్టి నవలలు చదివి చెడిపోదురని భయపడువారికి మా మనవి యొకటి. హత్యను వర్ణించి రుచిపుట్టించు నవలలు కలవు. స్త్రీ శవమును అలంకారముగ వాడుకొను నవలలు మరింత కలవు. అట్టివానిని విసర్జింపుడు. కాని ఎవరి మాటను ఎంతవరకు నమ్మవలెనో, మంచిమాటలాడువానిని ఏ హేతువుతో శంకింపవలెనో తెలియని అమాయకత్వమే ఆడపిల్లకు భూషణమని తలచుట ఆమెకు మేలు కాదు. పెండ్లిచూపులలోను, దస్తావేజులమీద సంతకములలోను, ఫోనులో వచ్చు మోసపు సందేశములలోను ఆమెకు కావలసినది హేతువునకు హేత్వాభాసమునకు భేదము తెలిసిన బుద్ధియే.

ఆచరణకు రెండు మూడు మాటలు చెప్పి విరమింతుము. ఇంటిల్లిపాది కలిసి ఒక నవలను వినుడు లేక చదివి వినిపించుకొనుడు. రాత్రికొక అధ్యాయము చాలును. అధ్యాయము ముగియగానే ఆపి, ఎవరిమీద శంక కలిగినదో, ఏ హేతువుచేతనో పిల్లలతోసహా ప్రతివారును చెప్పవలెను. ఒక చీటిమీద వ్రాసియుంచిన మరియు మేలు. నవల ముగిసిన పిమ్మట ఆ చీటిని తీసి చదువుడు. ఎవరు సరిగ ఊహించిరనునది ముఖ్యము కాదు. పేదవాడని, నల్లవాడని, విధవయని, మాట పెళుసని ఎవరినెవరు శంకించిరో చూచుకొనుటయే ముఖ్యము. తేదీలు, ఉత్తరములు కల నవలను అచ్చులోనో ఈ-పుస్తకముగనో చదువుడు. ఒక్కరి నోట నడచు కథను వినుడు. వీలైనచో రెంటిని కలుపుడు: విన్నదానిలో చిక్కు తోచినచోట పుస్తకము తెరువుడు. పిల్లలు రెండవసారి అదే నవలను అడిగినచో, కథ తెలిసినదే గదా యని వారించకుడు. పనిమనిషి కూడ ఆ గదిలో కూర్చుండి వినుచున్నచో, శంక ఎవరిమీదనని ఆమెను కూడ అడుగుడు. ఇతరుల శంకను అనుభవించినదామె. ఆమె చెప్పు హేతువు మనకు తట్టనిదై యుండవచ్చును.